దాగలి మబ్బు

పాస్టరు గారి భార్యకి మబ్బుల గురించి తెలిసినంత ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషికీ తెలియదు. చదువుకుని నేర్చుకున్నదేం కాదు. పెళ్లయిన కొత్తలో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా మొగుడు డాబా మీద కూర్చోబెట్టి చెప్పిన పాఠాలు. సరసమాడాల్సిన వయసులో ఈ మబ్బుల గోలేమిటని అప్పట్లో ఆవిడకి ఒళ్లు మండేది. అప్పుడాయన పాస్టరు కాదు, యుద్ధవిమానం నడిపేవాడు. "తల మీద చదునుగా, కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలిలా పరుచుకున్న మబ్బు కనబడిందనుకో, ఎంత మొనగాడైనా విమానం అటు తిప్పడు. దాని కిందంతా గాలీవానా, వడగళ్లూ" అనేవాడు.

అందుకే ఆ ఆదివారం పొద్దున పెరట్లో ముఖం కడుక్కుంటూ ఆయన పడమటి వైపు చూసి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోతే, ఆవిడ కూడా అటే చూసింది. దూరంగా చెట్ల తలల మీద దాగలి మబ్బు.

"ఏమండీ, చిన్నబ్బాయికి చెప్పండి. కోసిన వరి పనలు చేలోనే ఉన్నాయి."

ఆయన చెంబులో మిగిలిన నీళ్లు ముఖాన కొట్టుకున్నాడు.

చిన్నబ్బాయంటే ఆయన తమ్ముడు. పొయ్యిలు వేరైనా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొలం. అసలు మొదట నాగలి పట్టింది పెద్దవాడే. మీసాలు సరిగ్గా రాకముందే దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి ఎయిర్‌ఫోర్సులో చేరిపోయాడు. యుద్ధంలో ఏ ఊళ్ల మీద బాంబులు వేశాడో ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చాక చాలాకాలం కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. పైన విమానం వెళితే తలెత్తేవాడు కాదు. ఆ రోజుల్లోనే బైబిలు చేతికి దొరికింది, దాన్ని పట్టుకుని ఒడ్డున పడ్డాడు. ఆయన ఒడ్డున పడ్డాడు సరే, పొలం మాత్రం మళ్లీ తమ్ముడి నెత్తినే పడింది. పాపం, అతను నోరెత్తి ఒక్క మాట అనలేదు.

అయితే తమ్ముడు ప్రార్థనకి మాత్రం వచ్చేవాడు కాదు. ఊళ్లో సగం మంది కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నా, "నాట్లయ్యాక చూద్దాం అన్నయ్యా" అనో, "కోతలు కానీ అన్నయ్యా" అనో దాటేసేవాడు. సొంత తమ్ముణ్ణే మార్చలేనివాడు మనకేం చెబుతాడని సంఘంలో గుసగుసలు. అవి చెవిన పడ్డ రోజు పాస్టరు గారికి కూరలో ఉప్పుందో లేదో కూడా తెలిసేది కాదు.

పోయిన నెల తమ్ముడు జ్వరంతో మంచం పడితే అన్న పక్క వదలకుండా కూర్చుని నుదుటి మీద తడిగుడ్డలు మార్చాడు. లేచి తిరగగలిగాక తమ్ముడే అన్నాడు, కోత అవగానే మునుగుతానని. ఈ ఆదివారం ఖాయమైంది. కోసిన వరి పనలు పనలుగా చేలో ఆరుతోంది. కట్టలు కట్టి కుప్ప వేసుకుంటే రెండిళ్లకీ ఏడాది తిండి.

చెంబు కింద పెట్టకముందే తమ్ముడు వచ్చాడు, భుజాన తాళ్ల చుట్టతో.

"అన్నయ్యా, అదేంటి పడమట? వానా? వానైతే చెప్పు, ఇవాళ కుప్పేసుకుని వచ్చే ఆదివారం మునుగుతా."

ఊళ్లో ఎవరు కొడవలి పట్టాలన్నా ముందు ఆయన్ని అడగడం అలవాటు. ఆకాశం సంగతి ఆయన చెప్పాక ఇక తిరుగులేదు.

పాస్టరు గారు కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. దేవుడితో మాట్లాడుతున్నాడని భార్యకి అర్థమైంది. కళ్లు తెరిచి, "అది పక్కనించి పోతుందిరా. తాళ్లు అక్కడ పడేసి స్నానం చేసి రా" అన్నాడు.

అది అబద్ధమని ఆవిడకి తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కళ్లలో అంత వేడుకోలు ఆవిడ చూడలేదు. తెరిచిన నోరు మూసుకుంది. ఆవిడ తప్పు కూడా ఉంది ఇందులో, లేదని ఎవరన్నా ఆవిడే ఒప్పుకోదు.

కాలువ గట్టు మీద జనం పాటలు అందుకున్నారు. నడుము లోతు నీళ్లలో అన్నదమ్ములిద్దరూ నిలబడ్డారు. మబ్బు సగం ఆకాశం మింగేసింది. తమ్ముణ్ణి వెనక్కి వాల్చి నీళ్లలో ముంచుతుంటే మొదటి చినుకులు పడ్డాయి.

"ఆశీర్వాదపు జల్లు! హల్లెలూయా!" అని గట్టు మీద ఒకటే కేకలు.

తమ్ముడు నీళ్లలోంచి లేచి ముఖం తుడుచుకున్నాడు. పైకి చూశాడు. అంతే, గట్టెక్కి తడిబట్టలతోనే చేను వైపు పరుగెత్తాడు. అన్నా వదినా వెనకాలే పరుగెత్తారు. ఏం లాభం? దారిలో ఉండగానే గాలి, వడగళ్లు. ముగ్గురూ చేతికందినన్ని పనలు గట్టు మీదికి చేరవేశారు గానీ, వాన తెరిపిచ్చేసరికి చేను చెరువైపోయింది. గింజలు రాలిపోయి, మిగిలిన పనలు బురదలో నానుతున్నాయి.

తమ్ముడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నిజం చెప్పు అన్నయ్యా. అది పక్కకి పోతుందని నీకు నిజంగానే అనిపించిందా?"

"మబ్బు దారి మార్చుకుంది చిన్నబ్బాయ్, ఆయన మాత్రం ఏం చేస్తారు?" అని వదిన అడ్డం వచ్చింది.

మొగుడు ఔననాలి. అంటే చాలు, పంట పోయినా తమ్ముడు మిగులుతాడు. ఈ ఒక్క అబద్ధం ఆడించు ప్రభువా అని ఆవిడ లోపల్లోపల మొక్కుకుంది. ఒక పాస్టరు భార్య అడగాల్సిన కోరికా అది!

"లేదురా" అన్నాడాయన. "మన మీదికే వస్తుందని తెలుసు. ప్రార్థన చేస్తే ఆగుతుందనుకున్నాను. ఇవాళ తప్పితే నువ్వు మళ్లీ రావని భయమేసింది."

తమ్ముడు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జుట్టులోంచి నీళ్లు కారుతుంటే అన్న ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత వంగి, బురదలోంచి ఒక పన ఎత్తి గట్టున పెట్టాడు. మరొకటి ఎత్తాడు. పాస్టరు గారు కూడా పంచె పైకి కట్టి, చేలోకి దిగి ఒక పన మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్యండి అయ్యగారూ" అన్నాడు తమ్ముడు, ఊళ్లో అందరూ పిలిచినట్టే. "మీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాను."

మాటలు వచ్చిన నాటి నుంచి అతను అన్నని 'అన్నయ్యా' అని తప్ప మరోలా పిలిచింది లేదు. పాస్టరు గారు చేతిలోని పన మెల్లగా నీళ్లలో వదిలేసి గట్టెక్కాడు. భార్య చెయ్యి అందించబోయింది గానీ, ఆయన చూడలేదు.