ఆదిబాబు చెవి

ఉత్తరాది ఉక్కు నగరంలో, కద్మా పేటలోని తెలుగువాళ్ళ మధ్య ఆదిబాబు చెవికి ఉన్న పేరు ఆదిబాబుకి కూడా లేదు. రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్ అతను. ఇనుప కడ్డీ ఒక కొసని బేరింగుకి ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని, "ఇది రేపో మాపో పోతాది, మార్చీయండి" అన్నాడంటే నిజంగానే పోయేది. ఇంజనీర్లు కూడా కబురుపెట్టి పిలిపించుకునేవారు. అంతటి చెవి ఉన్న మనిషి ఆర్కెస్ట్రా పెడితే ఇక తిరుగేముంటుంది? సువర్ణరేఖ ఆర్కెస్ట్రా అని పేరు పెట్టి, ఉగాదికీ వినాయక చవితికీ అక్కడి తెలుగువాళ్ళకి పాటలు వినిపించే భారమంతా తన నెత్తిన వేసుకున్నాడు.

ఆర్కెస్ట్రా అంటే మరీ పెద్దదేమీ కాదు. హార్మోనియం ఆదిబాబుది. డోలక్ అతని బావమరిది దేముడుది. కరెంటు బ్యాంజో బంగారురాజుది. అది మోగిందంటే పక్క క్వార్టర్లలో ఉయ్యాల పిల్లలు లేచిపోతారని ఆడవాళ్ళు తిట్టుకునేవారు. రెండు మైకులు, రెండు స్పీకర్లు, ఒక యాంప్లిఫయరు. ఆ యాంప్లిఫయరు మీటలు తిప్పే అధికారం మాత్రం ఆదిబాబు ఒక్కడిదే. ఎవరి సౌండు ఎంత ఉండాలో, గొంతు మీదికి వాయిద్యం ఎక్కకుండా ఎక్కడ ఆపాలో తేల్చేది అతని చెవే. రిహార్సలు మొదలయ్యే ముందు ఒక్కో మీటనీ పట్టుకుని, కళ్ళు మూసుకుని, పిసరంత అటూ పిసరంత ఇటూ తిప్పి "ఊఁ, ఇంక కానివ్వండి" అనేవాడు. గుళ్ళో పూజారి కూడా అంత నిష్ఠగా హారతి తిప్పడు.

ఆ ఏడు ఉగాదికి కొత్త గొంతు దొరికింది. లలితకుమారి, బలరామ్ కూతురు, కాలేజీలో చదువుతోంది. బలరామ్, ఆదిబాబు ఇద్దరూ సోంపేట వైపు నుంచి ఒకేసారి వచ్చి, ఒకే మిల్లులో చేరి, చుట్టరికం లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకుంటూ తల నెరిసిన వాళ్ళు. ఉగాది స్టేజీ మీద పాడాలని లలితకి చిన్నప్పటి నుంచీ ఆశ. ఆదివారం పొద్దున్నే నది అవతల మాంగో పేటలో తమ ఇంటి దగ్గర బస్సెక్కి, ఊరి మధ్య సాక్చీలో మారి, తండ్రిని వెంటబెట్టుకుని ఆదిబాబు ఇంటికి రిహార్సలుకి వచ్చేది.

ఆ రోజు పండక్కి ముందు ఆఖరి ఆదివారం. ఆదిబాబు ముందుగదిలో చాపలు పరిచారు. గుమ్మం దగ్గర పక్కిళ్ళ ఆడవాళ్ళు వినడానికి చేరారు. ఈసారి ఏ తేడా రాకూడదని ఆదిబాబు హార్మోనియం కూడా పక్కన పెట్టేసి యాంప్లిఫయరు ముందే కూర్చున్నాడు.

లలిత పాట అందుకుంది. మొదటి చరణం సగం అయ్యేసరికి ఆదిబాబు మొహం చిట్లించాడు. డోలక్ దెబ్బ బాగానే ఉంది. పిల్ల గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది.

"గట్టిగా, గట్టిగా పాడమ్మా! పొద్దున్న ఏటీ తిన్నేదా?"

లలిత గొంతు పెంచింది. మెడ మీద నరాలు తేలాయి. అది కూడా అతనికి ఆనలేదు. బ్యాంజోది తగ్గించి, లలిత మైకు మీట కాస్త తిప్పాడు. చాల్లేదు. ఇంకాస్త తిప్పాడు. ఆ పైన ఇంకాస్త.

ఉన్నట్టుండి దేముడు డోలక్ వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. బంగారురాజు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని బ్యాంజో మీదికి వంగిపోయాడు. గుమ్మంలోని ఆడవాళ్ళు కొంగులు చెవులకి అడ్డం పెట్టుకుని, నవ్వుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. లలిత కూడా పాట ఆపేసి మొహం ముడుచుకుని వెనక్కి జరిగింది. గోడకి ఆనుకుని కూర్చున్న బలరామ్ ఒక్కడే కదల్లేదు.

ఆదిబాబుకి ఒళ్ళు మండిపోయింది. ఎంత అపస్వరం పలికితే ఇంతమంది చెవులు మూసుకుంటారు! ఇంట్లోనే ఇలా ఉంటే పండగనాడు హాలు నిండా జనం ముందు తన ఆర్కెస్ట్రా గతేం కావాలి? మీటని విసురుగా కిందికి తిప్పేశాడు.

"సూసినావా? అందరూ సెవులు మూసుకుంటన్నారు!"

"మావయ్యా, మైకు..." అంది లలిత.

"మైకుని ఆడిపోసుకోకు. మైకేటి సేత్తాది? గొంతుండాల. గొంతు నేని గుంటకి మైకెందుకు? ఈ ఏడుపేదో ఇంటికాడే ఏడుసుకోవచ్చు, దీనికి ఉగాది స్టేజీ కావాలా?"

దేముడు నోరు తెరవబోయి, బంగారురాజు వైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. లలిత తండ్రి వైపు చూసింది. బలరామ్ మొహం అవమానంతో నల్లబడిపోయి ఉంది.

"పద. పెద్దోళ్ళకి ఎదురు సెప్పకు" అని కూతురి చెయ్యి పట్టుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ ఆదిబాబుతో, "ఏటనుకోకు బావా, నీ టైం పాడుసేసింది" అని కూడా అన్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక కస్తూరమ్మ టీ గ్లాసులతో వంటింట్లోంచి వచ్చింది. "పిల్లేదీ? బలరామన్నయ్యేడీ?" అంది గట్టిగా. ఆదిబాబు భార్య ఏ మాటైనా గట్టిగానే అంటుంది. కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె నోట్లోంచి మాట పెగిలేది కాదు. పోనుపోను గొంతు ఎంత పెరిగిందంటే, ఆ ఇంట్లో నిత్యం పోట్లాటేనని ఇరుగుపొరుగు అనుకునేవారు. సంసారం బరువుతో పాటు ఆడవాళ్ళ గొంతు కూడా పెరుగుతుంది కాబోలని ఆదిబాబు సరిపెట్టుకున్నాడు.

"పంపీసినాను. అంత పాడుగొంతు నేనెక్కడా ఇన్నేదు. ఒక్కరంటే ఒక్కరు ఓర్సుకోనేదు, అందరూ సెవులు మూసుకున్నారు."

"మూసుకోరేటి మరి? వంటింట్లో ఉన్నదాన్ని నేనూ మూసుకున్నాను. మైకు అంత కీచుమని కూతెడితే సెవులు సిల్లులు పడిపోవా? దానికి ఆ గుంటేటి సేసింది?"

ఆదిబాబు భార్య మొహంలోకి చూశాడు. దేముడు మొహంలోకి చూశాడు. దేముడు తల దించుకున్నాడు.

"మైకు కూతెట్టిందా? ఎప్పుడు?"

ఆదిబాబు లేచి మైకుని స్పీకరుకి ఎదురుగా పెట్టి, మీట తిప్పడం మొదలుపెట్టాడు. అతనికి సన్నగా గుయ్‌మన్న మోత తప్ప మరేమీ తెలియలేదు. కస్తూరమ్మ పళ్ళెం కింద పెట్టేసి చెవులు మూసుకుంది. దేముడు మూసుకున్నాడు. వీధిలో సైకిలు మీద పోతున్నవాడు కాళ్ళు కింద ఆనించి ఆగి, మొహం వికారంగా పెట్టి కిటికీ వైపు చూశాడు. ఆదిబాబు ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, ఎక్కడో ఒకచోట వినపడకపోతుందా అని. కస్తూరమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది?" అని దేముణ్ణి అడిగాడు.

"శానా రోజులైంది బావా. నువ్వు మీటలు తిప్పీసి హార్మోనియం కాడికెళ్ళి కూకున్నాక, మేం సిన్నగా తగ్గించుకుంటన్నాం. ఇయాల నువ్వు అక్కడ్నించి లెగనేదు."

"నాకు సెప్పొచ్చు కదరా!"

"నీకా? నీ సెవి సంగతి నీకు సెప్పడానికి మాకెన్ని గుండెలుండాల?"

"పోనీ, ఆ గుంటని అన్నేసి మాటలంటంటే ఒక్కడైనా నోరెత్తనేదేం?"

"నలుగుర్లో నీ పరువు పోతాదని" అన్నాడు దేముడు మెల్లిగా. ఆదిబాబుకి అది వినపడకపోయినా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

ముందు కోపం వచ్చింది. తను కళ్ళు మూసుకుని నిష్ఠగా మీటలు తిప్పుతుంటే వీళ్ళంతా వెనకాల ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారన్నమాట! ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే సిగ్గు వచ్చి పడింది. అతని పరువు కాపాడ్డానికి అందరూ కలిసి ఆ పిల్ల పరువు తీసి అతని చేతిలో పెట్టారు, అతను దాన్ని నలుగురి ముందూ నేలకేసి కొట్టాడు. గొంతు నేని గుంట అన్నాడు. ఏడుపు అన్నాడు. తన నోటి మాటలు మాత్రం అతనికి స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి.

చొక్కా తగిలించుకుని మాంగోలో బలరామ్ ఇంటికి బయల్దేరాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలా అని ఆలోచించాడు. చెవుడు అన్న మాట నోటికి రావడం లేదు. ఫోర్‌మన్ ఆదిబాబుకి చెవుడట అని మిల్లులో అనుకుంటే ఎలా తలెత్తుకు తిరగడం? మైకు పాడైపోయిందని చెబితే సరిపోతుంది కదా అనిపించింది. పిల్ల సంతోషిస్తుంది, తన మాటా దక్కుతుంది. బస్సు వంతెన ఎక్కేసరికి ఆ అబద్ధాన్ని నున్నగా తయారుచేసుకున్నాడు కూడా.

అప్పుడే బలరామ్ గుర్తొచ్చాడు. అందరూ చెవులు మూసుకుంటే బలరామ్ మూసుకోలేదు. కన్నకూతురు కదా, ఓర్చుకున్నాడని అనుకున్నాడు పొద్దున్న. ఇద్దరూ ఇన్నేళ్ళూ కడ్డీలు సాగదీసే ఒకే రోలర్ల పక్కన, ఒకే మోతలో నిలబడి పనిచేశారు. బలరామ్‌కి కూడా ఆ కూత వినపడలేదన్నమాట.

బలరామ్ భార్య కాంతం తలుపు తీసింది. "రండన్నయ్యా! లోపలికి రండి!" అని కేకేసినట్టు పిలిచింది. ఆమె గొంతు కూడా అచ్చం కస్తూరమ్మ గొంతులాగే ఉందని ఆదిబాబు ఆ రోజే గమనించాడు.

బలరామ్ మంచం మీంచి లేచాడు. "నువ్వెందుకొచ్చినావు బావా? నువ్వన్నదాంట్లో తప్పేటుంది? నేనూ ఇన్నాను కదా. కన్నతండ్రిని, నాకే దాని గొంతు సరిగ్గా ఇనపడనేదు. ఇంక జనానికేటి ఇనపడతాది? పాటలూ గీటలూ కట్టిపెట్టి సదువుకోమని సెప్పీసినాను."

లోపలి గుమ్మం దగ్గర లలిత నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆదిబాబు ఆమె కాళ్ళ వైపు చూస్తూ, దారిలో తయారుచేసుకున్నది బయటికి తీశాడు.

"తప్పు నీది కాదమ్మా. మైకు పాడైపోయింది. లోపల వైరేదో ఊడిపోయింది."

లలిత తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. "మైక్ ఠీక్ థా, మావయ్యా" అంది.

పోట్లాడే గొంతు కాదు అది. పెద్దమనిషి అబద్ధమాడితే చిన్నవాళ్ళు పడే సిగ్గు ఉంది అందులో. ఆదిబాబు మొహం చెవుల దాకా వేడెక్కింది. ఇంక దాచి లాభం లేదు.

"అవునమ్మా, మైకు బాగానే ఉంది. నేను మీట ఎక్కువ తిప్పీసినాను. అది కూతెట్టింది. అందరూ సెవులు మూసుకున్నది ఆ కూతకి. నాకు ఇనపడనేదు." చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. "నాకు సెవుడొచ్చిందమ్మా."

బలరామ్ పకపకా నవ్వాడు. "నీకు సెవుడేటి బావా! కూతెట్టినట్టయితే పక్కనే కూకున్నాను, నాకు ఇనపడదా?"

"నీకూ వచ్చింది బావా."

బలరామ్ నవ్వు ఆగిపోయింది. కాంతం వైపు తిరిగాడు. కాదని చెబుతుందేమోనని ఎదురుచూశాడు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది.

"పండగనాడు మొదటి పాట నువ్వే పాడాల" అన్నాడు ఆదిబాబు లలితతో. అతని గొంతు బతిమాలుతోంది. "మీటల జోలికి నేనింక రాను. తప్పు నాదని అందరి ముందూ స్టేజీ ఎక్కి నేనే సెప్తాను. వత్తావు కదమ్మా?"

లలిత తల వంచుకుని ఏదో అంది. పెదాలు కదిలినట్టు తెలిసిందే తప్ప మాట వినపడలేదు. ఆదిబాబు బలరామ్ వైపు చూశాడు. బలరామ్ అప్పటికే ఆదిబాబు వైపు చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మొహంలో ఒకరు జవాబు వెతుక్కున్నారు. ఒప్పుకుని ఉంటుందిలే అనుకుని బలరామ్ చిన్నగా నవ్వుతూ తలాడించాడు.

ఆదిబాబు కూడా తలాడించి, సంతోషమమ్మా అని లేచి వచ్చేయవచ్చు. ఇన్నాళ్ళూ ఎక్కడ వినపడకపోతే అక్కడ అతను చేసింది అదే అయివుంటుంది. ఇప్పుడు మనసు ఒప్పలేదు.

"ఇనపడనేదమ్మా. మళ్ళీ సెప్పు."

"పోనీలెండి మావయ్యా" అన్నట్టు చెయ్యి ఊపింది లలిత.

"అలాక్కాదు, సెప్పాల. నాకు ఇనపడేలా సెప్పమ్మా."

లలిత తల్లి వైపు చూసింది. కాంతం మొహం పక్కకి తిప్పుకుంది. అప్పుడు ఆ పిల్ల ఊపిరి నిండా తీసుకుని, వీధి దాకా వినపడేంత గొంతుతో అంది.

"నేను రాను మావయ్యా! ఇంకెప్పుడూ పాడను!"

ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్నావిడ చేట పక్కన పెట్టి తలెత్తి చూసింది. బలరామ్ మొహం మీద ఇందాకటి నవ్వు ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. పెద్దవాడి మనసు నొప్పించడం ఎందుకని ఆ పిల్ల మొదటిసారి మెల్లిగా అంది. ఆదిబాబు ఆ మాటని కూడా ఆమె చేత అరిపించి చెప్పించుకున్నాడు.