నైవేద్యానికి ముందు గోలీ

కార్వాన్‌లోని చిన్న గుడిలో మధ్యాహ్నం నైవేద్యం అయ్యేదాకా అర్చకుడు వామన్‌రావు ఏమీ ముట్టడు. మోకాళ్ల నొప్పి గోలీ మాత్రం పొద్దున్నే ఉద్ధరిణెడు నీళ్లతో మింగుతాడు. మందుకు దోషం లేదని తండ్రి చెప్పేవాడు. గోలీ పడకపోతే గర్భగుడిలో కూర్చున్నవాడు లేవలేడు. లేవలేనివాడికి ఆ గుడిలో సేవ ఉండదు.

కొంతకాలంగా ఛాతీలో మంట. భార్య అహల్య వంటలో కారం తగ్గించింది, చింతపండు మానేసింది.

"ఛాయ్ బంద్ చేసిన. ఇంకేం బంద్ చెయ్యాలె, చెప్పుండ్రి."

"నీ లొల్లి బంద్ చెయ్యి. మంట అదే తగ్గుతది."

"దవాఖానకు పోదాం."

"గ్యాసుకు దవాఖానేంది? సోడా తెప్పియ్యి."

కింద కూర్చోవద్దని ఒక డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆ తర్వాత వామన్‌రావు ఏ డాక్టరు దగ్గరికీ పోలేదు. పాత చీటీ చూపించి మందుల దుకాణంలో గోలీలు కొంటున్నాడు. మలం నల్లగా వస్తున్న సంగతి ఇంట్లో చెప్పలేదు. నల్ల నువ్వుల పొడి తిన్నందుకేమో అనుకున్నాడు.

శ్రావణ శుక్రవారం జనం ఎక్కువై నైవేద్యం ఆలస్యమైంది. మోకాళ్లు పట్టేస్తే ఇంకో గోలీ మింగాడు. హారతి ఇస్తుండగా కడుపులో తిప్పింది. పళ్లెం కింద పెట్టి, లేవడానికి కాళ్లు రాక, చేతుల మీద గడప వైపు పాకాడు. నోటి నుంచి నల్లగా గడ్డకట్టిన రక్తం పడింది. వరుసలో ఉన్న ఆడవాళ్లు వెనక్కి జరిగారు.

"లోపల పడలేదు కదా?" అని, తీర్థం ఇస్తున్న తమ్ముడు ప్రహ్లాద్‌ను అడిగాడు.

"గడప మీద పడ్డది, అన్నా."

దవాఖానలో గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ, కడుపులో పుండు ఉందంది.

"కారానికీ ఛాయ్‌కీ మంట పుడుతుంది, నిజమే. ఈ పుండు మాత్రం ఖాళీ కడుపున వేసుకున్న గోలీలది. ఇక వాటిని ముట్టొద్దు."

"మరి కూర్చునేదెట్లమ్మా?"

"కుర్చీలో కూర్చోండి, పెద్దాయనా."

దేవుడి ముందు కుర్చీ వెయ్యరు. అహల్య కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు ప్రహ్లాద్ దవాఖానకు వచ్చాడు.

"సంప్రోక్షణ అయింది, అన్నా. రెండో చాబీతోని గుడి తెరిచినం."

"నైవేద్యం?"

"నేనే పెట్టిన."

"మంచిది."

వామన్‌రావు అహల్యను చూశాడు.

"గుడి చాబీ ఇచ్చెయ్యి."

ఆమె కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. ఇప్పుడెందుకని ప్రహ్లాద్ అంటాడేమోనని వామన్‌రావు చూశాడు. ప్రహ్లాద్ చెయ్యి చాపాడు.