నోట్లో ఏమీ వెయ్యొద్దు

విదేశీ డాక్టర్ల బృందం ఒకటి మా ఊరి ఆసుపత్రికి వారం రోజుల కోసం వస్తోందనీ, డాక్టర్లకీ రోగులకీ మధ్య మాట చేరవెయ్యడానికి ఇంగ్లీషు వచ్చిన ఆడవాళ్ళు కావాలనీ తెలిసిన రోజు, మా వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, "నీ పేరివ్వరాదూ," అంది. ఆవిడ మా ఆయనకి అక్క. భర్త పోయాక పదకొండేళ్ళుగా మాతోనే ఉంటోంది. ఇన్నేళ్ళలో నన్ను ఒక పని చెయ్యమని అడగడం అదే మొదలు.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆవిడకి గర్భసంచి జారి తొమ్మిదేళ్ళయింది. దగ్గొస్తే తలుపు పట్టుకుని దగ్గుతుంది. నవ్వొస్తే ముందు కూర్చుని, ఆ తర్వాత నవ్వుతుంది. ఆరేసిన చీర మడత కింద దాచి ఆరేసుకునే గుడ్డలు చూసి ఒకరోజు నేనే అడిగాను. చెప్పి, నా చేత ఒట్టు వేయించుకుంది. "మా తమ్ముడికి తెలిస్తే వాడి ముందు తలెత్తుకుని తిరగలేనే అమ్మాయ్." పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఆ తమ్ముడే తీసుకెళ్ళాలి. ఎందుకని అడుగుతాడు. అక్కడితో ఆగిపోయింది తొమ్మిదేళ్ళూ.

ఇప్పుడు ఊళ్ళోకే వస్తున్నారు. ఆపరేషన్ చేసేది ఆడమనిషి. మూడు రోజులు అక్కడే పడుకోబెట్టి పంపిస్తారు. నేను మాట సాయానికి, వదిన వంట సాయానికి వెళ్తున్నామనీ, వదిన రెండుమూడు రాత్రులు అక్కడే ఉండాల్సి రావచ్చనీ మా ఆయనకి చెప్పాం.

"ఇద్దరూ సమాజసేవకి బయల్దేరితే నాకు అన్నం ఎవరు పెడతారు?" అన్నారాయన.

"ఫ్రిజ్ తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో చూపించి వెళ్తాలేరా," అంది వదిన. కూర్చుని, నవ్వింది.

సోమవారం పరీక్షలు. ఆసుపత్రి పాత వార్డులో మంచాలు గోడకి నెట్టి, మధ్యలో దుప్పట్లు వేలాడదీసి నాలుగు గదులు చేశారు. మాకు ఆకుపచ్చ టీషర్టులిచ్చారు, చీర మీద వేసుకోవాలి. ఆడవాళ్ళ వైపు మాట చెప్పడానికి ఇద్దరం. నేనూ, రిటైరైన ఒక పంతులమ్మగారూ. పెద్ద డాక్టరమ్మ చూసి, ఆపరేషన్ చెయ్యాలనుకున్న మనిషికి చివర్లో ఒకే మాట చెప్పేది. ముందు రోజు రాత్రి పది తర్వాత నోట్లో ఏమీ వెయ్యకూడదు. అంతే.

ఆ ఒక్క మాటకి పంతులమ్మగారు చేసే విస్తరణ వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. "రాత్రి పది తర్వాత ఏమీ తినకు తల్లీ. మంచినీళ్ళు కూడా వద్దు. బీపీ మాత్ర ఉందా నీకు? ఉంటే అది మటుకు మానకు, గుక్కెడు నీళ్ళతో వేసేసుకో. మా ఆయన ఆపరేషనప్పుడు అలాగే వేశారు. తోడెవరొస్తారు, మీ ఆయనా? రాడా? పోనీలే, పీడా పోయింది, కూతుర్ని తెచ్చుకో."

తను చెప్పింది ఒక్క ముక్క కదా, ఇంతసేపు ఏం జరుగుతోందని డాక్టరమ్మ నావైపు చూసేది. బయట వరుస మెట్లు దాటి గేటు దాకా ఉంది. కాలేజీలో అనువాదంలో నాకెప్పుడూ మొదటి మార్కే. చెప్పినది చెప్పినట్టు, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా చెప్పడం నాకొచ్చిన ఏకైక విద్య. మధ్యాహ్నం భోజనాల దగ్గర క్యాంపు నడిపించేవాడితో అన్నాను. "ఆవిడ డాక్టరు చెప్పని మందుల సంగతి కూడా సొంతంగా చెబుతున్నారు. రేపు ఏదైనా అయితే ఎవరిది బాధ్యత?"

అతనికి బాధ్యత అన్న మాట బాగా వినిపించింది. గంట తిరక్కుండా పంతులమ్మగారిని చెప్పుల స్టాండు దగ్గర కూర్చోబెట్టారు.

"ముప్పయ్యేళ్ళు పిల్లల్ని కాపలా కాశాను," అందావిడ, చెప్పులకి చీటీలు కడుతూ. "ఇవే నయం. ఎదురు చెప్పవు." నామీద కోపంగా ఏమీ లేదు. నేనే ఆవిడ చీటీ తీసుకోకుండా చెప్పులు ఒక పక్కన విడిచాను.

మూడింటికి వదిన వచ్చింది. ఎవరికీ తెలియకూడదు కాబట్టి ఎరగనట్టే ఉండాలని ముందే అనుకున్నాం. పరీక్ష చేసి, డాక్టరమ్మ ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, ఇది అరగంట పని అంది. ఆ మాట నేను చెప్పగానే వదిన పైట చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత డాక్టరమ్మ మామూలు మాట చెప్పింది. నేనూ చెప్పాను. రాత్రి పది తర్వాత నోట్లో ఏమీ వెయ్యకూడదు.

"మరి పొద్దున్నే వేసుకునే మాత్ర?" అంది వదిన మెల్లిగా.

డాక్టరమ్మ అప్పటికే చేతులు కడుక్కోవడానికి లేచింది. తర్వాతి మనిషి దుప్పటి పక్కకి తీసి తల దూర్చింది. అడగడానికి అరనిమిషం పట్టేది.

"ఏమీ వెయ్యొద్దన్నారమ్మా," అన్నాను.

ఎరగని మనిషిని పిలిచినట్టు అమ్మా అని కూడా అన్నాను. ఎంత బాగా నటించానో అని ఆ సాయంత్రం ఇంట్లో ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ కూర్చుని.

బుధవారం వదిన వంతు. మంగళవారం రాత్రి నుంచి పచ్చి గంగ ముట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి, ఇవాళ కుదరదు, రేపు మొదటి పేరు నీదే అన్నారు. రాత్రి ఇంత అన్నం తిని, పది నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. గురువారం పొద్దున్నే నీలం గౌను తొడిగి బల్ల మీద కూర్చోబెట్టారు. మత్తుడాక్టరు చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. విప్పి రెండో చేతికి చుట్టి మళ్ళీ చూశాడు. రెండు వందల పది.

"ఈమెకి బీపీ మందులున్నాయా, అడగండి," అన్నాడు.

అడిగాను.

"ఉంది కదే," అంది వదిన. కంగారులో ఎరగనట్టుండాలన్న సంగతి మర్చిపోయింది. "నువ్వే కదా వద్దన్నావు. నిన్నా వెయ్యలేదు, ఇవాళా వెయ్యలేదు. నోట్లో ఏమీ వెయ్యలేదని చెప్పు ఆయనకి. ఉమ్మి కూడా మింగలేదని చెప్పు."

తప్పు ఆవిడది కాదు, మాత్ర మానెయ్యమన్నది మేమే అని అతనికి చెప్పాను. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తి ఆవిడకీ చెప్పాను. ఇప్పుడు మాత్ర ఇచ్చి రేపు చెయ్యండని బతిమాలాను. ఒక్కరోజులో తగ్గేది కాదు, రేపటి పేర్లు నిండిపోయాయి, ఎల్లుండి విమానం అంది. ఆవిడేం చెడ్డది కాదు. చాలా నెమ్మదిగా చెప్పింది. వాళ్ళ దేశంలో ముందు రోజు నర్సు ఫోన్ చేసి, ఏ మాత్ర వేసుకోవాలో, ఏది మానాలో ఒక్కొక్కటే చెబుతుందట. అది వేరుగా చెప్పాలని తమకి తట్టలేదట.

"ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని," అంది. "ఎవరూ అడగలేదా?"

"లేదు," అన్నాను. ఆ వారంలో ఆవిడకి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ల కాగితం తీసుకుని లెక్క చూశాను. అలాంటి పనులు నేను చెయ్యకుండా ఉండలేను. బీపీ వల్ల ఆపేసిన ఆడవాళ్ళు ఆరుగురు. ఆరుగురూ సోమవారం మధ్యాహ్నం తర్వాత వచ్చినవాళ్ళే. భోజనాలకి ముందు పంతులమ్మగారు సాగదీసి సాగదీసి పంపించినవాళ్ళలో ఒక్కరినీ వెనక్కి పంపలేదు.

శుక్రవారం సాయంత్రం వీడ్కోలు సభ. డాక్టరమ్మ మాట్లాడితే పక్కన నిలబడి నేను చెప్పాలి. ఊరి ఆతిథ్యం మర్చిపోలేమంది. చెప్పాను. అరవై రెండు ఆపరేషన్లు చేశామంది. చెప్పాను, చప్పట్లు. తర్వాత కాగితం చూసి చదివింది. "ఇక్కడివారు రక్తపోటు మందులు క్రమం తప్పకుండా వాడకపోవడం వల్ల కొందరికి చెయ్యలేకపోయాం. ఈ విషయంలో మీలో అవగాహన పెరగాలి."

మైకు నా చేతికొచ్చింది. చెప్పుల స్టాండు దగ్గర పంతులమ్మగారు చేతిలో చీటీతో తలెత్తి చూస్తోంది. ఒక్క మాట కలపొచ్చు. మానమన్నది మేమే అని రెండు మాటలు చాలు. కలిపానని డాక్టరమ్మకి తెలియదు కూడా.

చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ముందు వరుసలో పెద్దలు, అవునవును, మన జనానికి బుద్ధి లేదన్నట్టు తలలాడించారు. నాకు ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు.

చెప్పులు తీసుకునేటప్పుడు పంతులమ్మగారు, "చక్కగా చెప్పావమ్మా. ఒక్క ముక్క పోలేదు," అంది. ఎత్తిపొడుపో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన ఆ ఫ్రేము చూసి ముచ్చటపడిపోయారు. "ఇది హాల్లో పెట్టాల్సిందే," అని సుత్తి, మేకు పట్టుకొచ్చారు. "వంట బాగా కుదిరిందా అక్కా అక్కడ?"

"అందరూ మెచ్చుకున్నార్రా," అంది వదిన.

"అయితే నీకేం ఇవ్వలేదా?"

"నాకెందుకిస్తారు, గరిటె తిప్పడానికి ఇంగ్లీషెందుకు?"

ఆయన నవ్వి, గోడకి మేకు ఆనించి, "అక్కా, వంటింట్లో ఆ ఇనప స్టూలు ఇలా పట్రా," అన్నారు.

"నేను తెస్తానుండండి," అని లేచాను.

"ఏం, ఆవిడకి చేతకాదా? ఆపరేషనైన మనిషిలా చూస్తావేమిటి?"

నేను నోరు తెరిచాను. వదిన నావైపు చూసి, తల అడ్డంగా ఊపింది. చిన్నగా, ఆయనకి కనపడకుండా.

స్టూలు మోసుకొచ్చింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని దింపి, తలుపు పట్టుకుని, మళ్ళీ ఎత్తింది. ఆయన ఎక్కి నిలబడితే కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"తిన్నగా ఉందా?" అన్నారాయన, గోడవైపే చూస్తూ.

"ఎడమవైపు కాస్త పైకి," అన్నాను.