నాలుగో టేక్

కరివేపాకు రెమ్మలను పదేసి చొప్పున ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి మడిచి, స్టేప్లర్‌తో రెండు పిన్నులు కొట్టడం ఆంజనేయప్రసాద్ పొద్దున్నే దుకాణంలో చేసే మొదటి పని. ఆ ఆదివారం ఇరవై ఏడో కవరు దగ్గర ఎడమ చెయ్యి మొద్దుబారింది. స్టేప్లర్ బల్ల మీద పెట్టి, చేతిని కిందికి వేలాడేసి, వేళ్లు ముడుస్తూ తెరుస్తూ నిలబడ్డాడు. నొప్పి భుజంలో పుట్టి మోచేతి దాకా దిగి అక్కడే కాసేపు కూర్చుంది. గోడ గడియారం కేసి చూశాడు. ఎనిమిదీ ఇరవై.

అతను నొప్పిని గడియారంతో చూస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు రేపల్లె డిపోలో కండక్టరుగా చేసినవాడు. ఏదైనా ఎప్పుడొచ్చింది, ఎంతసేపు ఆగింది, ఎప్పుడు కదిలింది అని చూసుకోవడం అలవాటు. నిన్న నిమిషంన్నర ఆగింది. ఇవాళ రెండు నిమిషాలు. కదిలిపోయాక ఇరవై ఎనిమిదో కవరు తీసుకున్నాడు.

ఇంకా పదిహేను రోజులు. మార్చి తొమ్మిదికి అతను అమెరికా వచ్చి అయిదేళ్లు నిండుతాయి. అయిదేళ్లు నిండిన ముసలివాళ్లకి ప్రభుత్వం వైద్యానికి కార్డు ఇస్తుంది. అంతవరకూ ఏమీ లేదు. కూతురు రాగిణి ఆఫీసు వాళ్లిచ్చే ఇన్సూరెన్సులో తల్లిదండ్రులకి చోటు లేదు. అల్లుడికి డిసెంబరులో ఉద్యోగం పోయింది. పక్క వీధిలో ఒకరి మామగారు గుండె పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి మూడు రోజులుండి వచ్చారు. ఆ బిల్లు గురించి ఈ నోవై ఊళ్లో తెలుగువాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. రాగిణి కూడా, "కార్డ్ రానీ నాన్నా, ఫుల్ చెకప్ చేయిద్దాం," అంటూ ఉంటుంది. చెకప్ అంటే ఆమె మనసులో బీపీ, షుగర్. భుజం సంగతి ఆమెకు తెలియదు. తెలిస్తే ఒక్క రోజు కూడా ఆగదని అతనికి తెలుసు.

ముందు వైపు షట్టర్ లేపిన చప్పుడయింది. దుకాణం యజమాని గోపాల్ బూట్లకంటిన మంచు దులుపుకుంటూ వెనకగదిలోకి వచ్చి, అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది పెద్దాయనా! నిన్న తెల్లగ పోయినవ్, ఇయ్యాల నల్లగ వచ్చినవ్?"

ఆంజనేయప్రసాద్ తల నిమురుకున్నాడు. "పిల్లలు సినిమా తీస్తున్నారు కదండీ. కాస్త పద్ధతిగా ఉంటే బాగుంటుందని."

"మా ర్యాక్‌ల ఉన్న ప్యాకెటేనా?"

"అదే. బిల్లింగ్ చేయించే తీసుకెళ్లాను."

"హీరో లెక్క ఉన్నవ్ పో," అని గోపాల్ నవ్వుకుంటూ కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

రంగు నిన్న రాత్రే వేసుకున్నాడు. పొడిని గిన్నెలో నీళ్లతో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో, బాత్రూం అద్దం ముందు, చెవుల చుట్టూ కొబ్బరినూనె రాసుకుని మరీ వేసుకున్నాడు. మీసానికి కూడా. రిటైరయ్యాక మళ్లీ రంగు వేసుకోవడం ఇదే. బస్సులో టికెట్ల తనిఖీకి వచ్చే అధికారులు కూడా ఎప్పుడూ అతని ముఖం కేసి చూడలేదు, సంచీ కేసే చూసేవారు. అలాంటిది తనే కావాలని ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి అడిగారు.

నైనిక రాగిణి స్నేహితురాలి కూతురు, పదకొండో తరగతి. అద్వైత్ ఆమె క్లాసువాడు. పోయిన వారం రాగిణి వాళ్ల సోఫాలో కూర్చుని నైనిక వివరంగా చెప్పింది.

"బ్రిటన్‌లో ఒక టైప్ సినిమాలు ఉంటాయి తాతయ్యా. బస్ డ్రైవర్స్, ఫ్యాక్టరీ వర్కర్స్, అలా. హీరో ఉండడు. మ్యూజిక్ ఉండదు. వాళ్ల లైఫ్ ఎలా ఉందో అలాగే చూపిస్తారు. అలాంటి సినిమాకి జస్ట్ ఓపెనింగ్, టూ మినిట్స్, చేయమన్నారు స్కూల్‌లో."

"హీరో లేకపోతే ఎవరు చూస్తారమ్మా?"

"అదే పాయింట్ తాతయ్యా."

"మాకు తెలిసినవాళ్లలో వర్క్ చేసేవాళ్లు ఎవరూ లేరు అంకుల్," అన్నాడు అద్వైత్.

రాగిణి వంటింట్లోంచి నవ్వింది. "మరి మేమంతా ఏం చేస్తున్నాంరా?"

"అంటే ఆంటీ, లైక్... చేతులతో."

 ఆంజనేయప్రసాదే, "సరే తీయండి," అన్నాడు.

నిన్న ఇంట్లో తీశారు. మంచం మీంచి లేవడం, టీ పెట్టుకోవడం, కిటికీ బయట మంచు చూడటం, బూట్లు వేసుకోవడం. టీ స్టీలు గ్లాసులో పోసుకుంటే నైనికకి అది ఎంతగానో నచ్చింది. "యాక్ట్ చేయొద్దు తాతయ్యా, జస్ట్ రోజూలాగే," అని పదిసార్లు చెప్పింది.

తొమ్మిదింటికి వాళ్లు వెనక తలుపు తట్టారు. నైనిక ముందు వచ్చింది. అతని తల చూడగానే ఆమె నోరు తెరిచి మళ్లీ మూసుకుంది.

"ఓ మై గాడ్," అన్నాడు అద్వైత్ కెమెరా సంచీ దింపుతూ. "కంటిన్యుయిటీ."

"ఏమైందమ్మా? బాగా అంటలేదా?"

"బాగుంది తాతయ్యా," అంది నైనిక ముందుగా. మర్యాద తెలిసిన పిల్ల. "బట్, నిన్న షాట్స్‌లో వైట్ హెయిర్ కదా. ఇంట్లో వైట్, షాప్‌కి వచ్చేసరికి బ్లాక్. ఒకే మార్నింగ్‌లో."

అది అతనికి తోచనే లేదు. మనిషి అంటే ఒకే మనిషి కదా అనుకున్నాడు. సినిమాలో నిన్నా ఇవాళా ఒకటే పొద్దుట అవుతుందని ఎవరూ చెప్పలేదు. పిల్లల పని పాడుచేశానన్న బాధ ముఖానికెక్కింది. "కడిగేసుకుంటానమ్మా. సబ్బు పెట్టి రుద్దితే..."

"వాష్ చేస్తే పోదు అంకుల్, గూగుల్ చేశా," అన్నాడు అద్వైత్. అప్పటికే ఫోన్ చూస్తున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి సంచీ అడుగునుంచి ఒక టోపీ లాగాడు. బూడిదరంగు ఉన్ని గుడ్డతో కుట్టిన బల్లపరుపు టోపీ, ముందు చిన్న అంచుతో. పాత సామాన్ల దుకాణంలో కొన్నాడట. బ్రిటన్ కార్మికులు పెట్టుకునేవాళ్లని. ఇది మిషిగన్, వేషాలు వద్దు అని నైనిక పోయిన వారమే తిట్టింది. ఇప్పుడు ఆమే దాన్ని తీసుకుని, రెండు చేతులతో అతని తలకి పెట్టి, చెవుల దాకా లాగింది. వెనక్కి జరిగి చూసింది.

"ఓకే. ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు పెట్టుకున్నారు అనుకుంటారు. మీసం కనపడకుండా వెనక నుంచి తీద్దాం."

ఆ టోపీ అతనికి బిగుతు. 

వెనక తలుపు దగ్గర పొద్దున లారీ దింపిన బియ్యం బస్తాలున్నాయి. ఒక్కోటి ఇరవై పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు. వాటిని ముందు ర్యాక్‌లో సర్దాలి. అతను అలవాటుగా నాలుగు చక్రాల బండి లాగి దాని మీద ఎత్తబోయాడు.

"తాతయ్యా, బండి వద్దు. షోల్డర్ మీద పెట్టుకుని వెళ్తారా?"

"మేము బండి మీదే తోస్తామమ్మా."

"బండి అయితే వీల్స్ నాయిస్ మైక్‌లో వస్తుంది. ఇంకా, షోల్డర్ మీద అయితే... వర్క్ కనపడుతుంది." ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఒక్క షాట్. ఇక్కడ నుంచి ర్యాక్ దాకా, కట్ లేకుండా. అద్వైత్ మీ వెనకే వస్తాడు."

ఆంజనేయప్రసాద్ బస్తాల కేసి చూశాడు. భుజం బాగాలేదని చెప్పవచ్చు. చెబితే నైనిక వాళ్ల అమ్మకి చెబుతుంది, వాళ్లమ్మ సాయంత్రంలోగా రాగిణికి చెబుతుంది. రాగిణి కారు తీస్తుంది. పదిహేను రోజులు. పైగా తల రంగుతో ఒకసారి వాళ్ల పని చెడగొట్టాడు.

"కుడి భుజం మీద అయితే పర్వాలేదా?"

"లెఫ్ట్ అయితే ఇటు చెంప మీద లైట్ పడుతుంది," అన్నాడు అద్వైత్ కెమెరాలోంచి చూస్తూ.

మొదటిసారి పప్పుల వరుస దాటుతుండగా, అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ, "అయ్యో, సినిమానా? నేను కూడా పడ్డానా? జుట్టు కూడా దువ్వుకోలేదు!" అని అడ్డం వచ్చింది. నైనిక కట్ అంది. రెండోసారి అతనే కెమెరా కేసి తిరిగి చిన్నగా నవ్వాడు. ఎవరైనా వెనకనుంచి వస్తుంటే తిరిగి చూడటం కండక్టరు బుద్ధి. "సారీ అమ్మా," అంటూ బస్తా మళ్లీ వెనక తలుపు దాకా మోసుకొచ్చాడు.

అతను ఇరుకు దారుల్లో పక్కవాటుగా నడుస్తాడు, ఒక భుజం ముందుకు పెట్టి, ఎవరికీ తగలకుండా. దుకాణం ఖాళీగా ఉన్నా అంతే. ఆ నడక చూసి నైనిక అద్వైత్ చెవిలో, "దిస్ ఇజ్ సో గుడ్," అంది. అతనికి వినపడింది. అర్థం కూడా అయింది.

మూడోసారి పచ్చళ్ల వరుస దాకా బాగానే నడిచాడు. వెనక తలుపు తెరిచే ఉండటంతో దుకాణమంతా చలి గాలి. గోపాల్ కౌంటర్ దగ్గర జాకెట్ మెడ దాకా జిప్పు లాక్కున్నాడు. ఆంజనేయప్రసాద్‌కి టోపీ కింద తడిగా అనిపించింది. కణత మీదుగా ఏదో జారి గడ్డం దాకా వచ్చింది.

"కట్, కట్! తాతయ్యా, డై కారుతోంది."

నల్లని చార. బస్తా ర్యాక్ మీదికి జార్చి, ఎడమ చేత్తో ఇనప కమ్మీ పట్టుకున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు.

"టిష్యూ ఉందా?" అంటోంది నైనిక వెనక. "అద్వైత్, టిష్యూ! చొక్కా మీద పడితే కంటిన్యుయిటీ మళ్లీ పోతుంది."

ఆమే వచ్చి తుడిచింది. జాగ్రత్తగా, చంటిపిల్లవాడి ముఖం తుడిచినట్టు, కణత, చెంప, చెవి వెనక. టిష్యూ నల్లబడింది. ఇంకోటి తీసింది. అంత చలిలో ఆ చెమట ఎందుకని ఆమెకు తోచలేదు. 

"అలిసిపోయారా తాతయ్యా?"

"లేదమ్మా. ముప్పై ఏళ్లు నిలబడే పనిచేశాను. ఇదెంత."

నాలుగోసారి ఎవరూ అడ్డం రాలేదు. అతను కెమెరా కేసి చూడలేదు. బస్తా ఎత్తి, పక్కవాటుగా నడిచి, ర్యాక్‌లో పెట్టి, చేత్తో దాన్ని ఒకసారి సరిచేసి, ఫ్రేములోంచి వెళ్లిపోయాడు. నైనిక చాలాసేపు కట్ అనలేదు. తర్వాత పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపింది. ఎడమ చెయ్యి.

"పర్ఫెక్ట్ తాతయ్యా. సినిమా చివర పేరు వేయాలి. మీ ఫుల్ నేమ్ ఏంటి?"

అతను ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆమె ఫోన్‌లో రాసుకుంటే, స్పెల్లింగు సరిగా ఉందో లేదో వంగి చూసుకున్నాడు. మేఘాలు పోకముందే ఆకాశం తీయాలని వాళ్లు హడావిడిగా వెళ్లిపోయారు. టోపీ అతని తల మీదే ఉండిపోయింది.

మిగిలిన బస్తాల్లో రెండు తప్ప అన్నీ బండి మీద తోశాడు. కొత్తిమీర కట్టలు తడిపాడు. పన్నెండున్నరకి డబ్బా తెరిచి పెరుగన్నం రెండు ముద్దలు తిని మూసేశాడు. ఒకావిడ మినప్పప్పు పొట్టుదా గుండుదా మంచిదని అడిగితే, ఇడ్లీకా గారెకా అని అడిగి చూపించాడు.

రెండింటికి, "కాసేపు కూర్చుంటానండీ," అన్నాడు గోపాల్‌తో.

"కూసో పెద్దాయనా. బిల్లింగ్ నేను చూస్తున్నగ."

వెనకగదిలో మిగిలిన రెండు బస్తాల మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎదురుగా గడియారం. రెండూ ఎనిమిదికి నొప్పి వచ్చింది. మొదలు భుజం, తర్వాత మోచెయ్యి, ఈసారి దవడ కూడా. రెండు నిమిషాలు చూద్దామనుకున్నాడు. రెండు నిమిషాలయింది. మూడయింది. ఫోన్ జేబులోనే ఉంది. రాగిణి నంబరు మొదటిదే. ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాడు. ఆలస్యమైన బస్సు కోసం ఎంతమందిని ఎన్నిసార్లు ఆ మాట చెప్పి కూర్చోబెట్టాడో.

జీడిపప్పు పెట్టె కోసం గోపాల్ వెనక్కి వచ్చేసరికి రెండు ముప్పై అయిదు. ఆంజనేయప్రసాద్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని, గోపాల్ చప్పుడు కాకుండా పెట్టె తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు.

బుధవారం స్కూల్‌లో కంప్యూటర్ల గదిలో నైనిక, అద్వైత్ పక్కపక్కన కూర్చున్నారు. నిన్న ఇద్దరూ తాతయ్య అంత్యక్రియలకి వెళ్లారు. శవపేటికలో ఆయన జుట్టు నల్లగా ఉంది. రాగిణి ఆంటీ నైనికను పట్టుకుని, "మీ షూటింగ్ రోజు ఎంత హ్యాపీగా వెళ్లాడో తెలుసా," అని ఏడ్చింది. 

"ఫోర్త్ టేక్ కదా?" అన్నాడు అద్వైత్ మెల్లగా.

ఆమె మూడోది తెరిచింది. తను కట్ అన్నాక కూడా అద్వైత్ కెమెరా ఆపలేదు. పదకొండు సెకన్లు. ఆయన వీపు. ఇనప కమ్మీ పట్టుకున్న చెయ్యి. వేళ్లు ముడుచుకోవడం, తెరుచుకోవడం. ఎవరికోసమూ నటించని మనిషి. పైనుంచి తన గొంతు స్పష్టంగా వినిపిస్తోంది: "టిష్యూ ఉందా? అద్వైత్, టిష్యూ!"

మళ్లీ చూసింది. మూడోసారి చూస్తుండగా అద్వైత్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

గోపాల్ అంకుల్ దుకాణం సంచీలో పెట్టి పంపినది కీబోర్డ్ పక్కనే ఉంది. నైనిక దాన్ని బయటికి తీసి వెల్లకిలా తిప్పింది. బూడిదరంగు టోపీ లోపలి పట్టీ చుట్టూ, నుదురు ఆనిన చోట చిక్కగా, వెనక్కి పోయేకొద్దీ పలచగా, ఆరిపోయిన నల్లని చెమట.