ఫ్రీక్వెన్సీలో పెళ్లిమేళం

ఆగండాగండి. చేతిలో పని ఒక్క నిమిషం పక్కన పెట్టి చెవి ఇటు పెట్టండి. ముందు బుర్రున మోత. దాని వెనకాల సన్నాయి. సన్నాయి వెనకాల డోలు. వీటన్నిటికీ అడుగున, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఒక మగ గొంతు: "టవర్... సే అగైన్... సే అగైన్..."

దేవకుమారి హెడ్‌ఫోన్ తీసి విదిలించి మళ్లీ పెట్టుకుంది. సన్నాయి పోలేదు.

తొంభై ఏడు జూన్, మధ్యాహ్నం మూడున్నర. కోరుకొండ వైపు పొలాల మధ్య చిన్న విమానాశ్రయం. హైదరాబాద్ నుంచి రోజుకి ఒకే ఒక్క విమానం, పద్దెనిమిది సీట్లది. దాన్ని క్షేమంగా దించడం, మళ్లీ పంపించడం టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ పని. ఆ పూట కంట్రోలర్ దేవకుమారి. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఇరవై ఆరేళ్లు. పక్క కుర్చీలో పై ఆఫీసరు జగన్నాథరావు గారు, ముప్పై ఏళ్ల సర్వీసు.

"ఏమ్మా, రేడియో స్టేషన్ పట్టేశావా ఏంటి?" అన్నాడాయన స్పీకర్ వైపు చూసి.

"నవ్వులాట కాదు సార్. కెప్టెన్‌కి నా మాట అందట్లేదు. గాలి మారిపోయింది!"

అదీ అసలు సంగతి. ఇరవై నిమిషాల కింద గాలి పడమర నుంచి ఉండేది. ఆ మాటే కెప్టెన్‌కి చెప్పింది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి అతను తూర్పు నుంచి వస్తున్నాడు. ఈలోగా సముద్రం వైపు నుంచి వాన తరుముకొచ్చింది, గాలి ఒక్కసారిగా తూర్పుకి తిరిగింది. ఇప్పుడతను అలాగే దిగితే గాలి వెనక నుంచి తోస్తుంది. రన్‌వే పొట్టిది, పైగా తడిసిపోయింది. అది అయిపోయిన చోట పంటకాలువ. విమానంలో మొత్తం పదహారు మంది. దిగడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు.

అత్యవసర ఫ్రీక్వెన్సీ తిప్పి చూసింది. అక్కడ సన్నాయి లేదుగానీ చెవులు పగిలే మోత. మళ్లీ మొదటిదానికొచ్చింది. అప్పుడే మేళం ఆగి, మైకులో ఎవరో అరిచారు: "పెళ్లికూతురి మేనమామ బంగార్రాజు గారు ఎక్కడున్నా వేదిక దగ్గరకి రావాలండి! మంగళసూత్రాల పళ్లెం మీ చేతిలోనే ఉందంట!"

దేవకుమారి ఉలిక్కిపడింది. ఈ మాట తను విన్నదే! నిన్న, పెళ్లి భోజనాల్లో పనసపొట్టు కూర వడ్డించుకుంటూ, స్వయంగా విన్నది!

"సార్, ఇది మా ఊరి పెళ్లి. దొరబాబు కేబుల్లో వేస్తున్నాడు."

విమానాశ్రయానికి తూర్పున ఉన్న చినకొండపాడులోనే ఆమె అద్దెకుంటోంది. ఆ ఊళ్లో ఎవరి పెళ్లయినా మర్నాడు క్యాసెట్టు కేబుల్ టీవీలో వెయ్యాల్సిందే. పొద్దున్నే ఆటోకి మైకు కట్టి టైము చాటించారు కూడా. చివరి వీధిలో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తే మగపెళ్లివారి ముందు పరువు పోతుందని కేబుల్ దొరబాబు బూస్టర్‌ని చివరికంటా తిప్పేస్తాడు. అతని లైన్లో అతుకులన్నీ చేత్తో మెలిపెట్టి టేపు చుట్టినవి. ఆ అతుకుల్లోంచి పెళ్లంతా గాల్లోకి కారి, సరిగ్గా విమానాలు మాట్లాడుకునే చోట కూర్చుంది.

దొరబాబు నంబర్ తిప్పింది. ఎంగేజ్. మళ్లీ తిప్పింది. ఎంగేజ్. క్యాసెట్టులో తామెక్కడ కనిపిస్తారో చెప్పమని ఊరంతా ఫోన్లు చేస్తోంది కాబోలు.

వాన తెరలోంచి విమానం లైట్లు కనిపించాయి.

"సిగ్నల్ దీపంతో గ్రీన్ చూపించెయ్యమ్మా," అన్నాడు జగన్నాథరావు గారు. "సీనియర్ కెప్టెన్. గాలి ఎటుందో రన్‌వే పక్క గాలిసంచిలో చూసుకుంటాడులే."

"ఈ వానలో గాలిసంచి కనబడేసరికి చక్రాలు నేల మీద ఉంటాయి సార్. గ్రీన్ చూపిస్తే నేను దిగమన్నట్టే కదా."

తుపాకీలా పట్టుకునే సిగ్నల్ దీపం తీసి, కిటికీ తెరిచి, గురి చూసి నొక్కింది. ఎరుపు. కదలని ఎరుపు. దిగొద్దు, చుట్టూ తిరుగు అని దానర్థం. వాన మొహాన కొడుతున్నా గురి తప్పనివ్వలేదు.

ఒకటి. రెండు. మూడు...

విమానం రెక్కలు అటూ ఇటూ ఊపింది. చూశాడు! ముక్కు ఎత్తుకుని టవర్ పక్కనుంచి హోరున వెళ్లిపోయింది.

"బానే ఉంది," అన్నాడాయన తల తుడుచుకుంటూ. "ఎంతసేపు తిప్పుతావు? ఇంకో అరగంటకి చాలినంతే ఉంటుంది ఆయిలు. గాలి తిరిగిందని దీపంతో ఎలా చెబుతావు?"

"చెప్పను సార్. మేళమే ఆపిస్తాను."

"కేబుల్ వాడు ఫోన్ ఎత్తట్లేదుగా?"

"కరెంటు వాళ్లు ఎత్తుతారు."

సబ్‌స్టేషన్లో డ్యూటీ జ్ఞానప్రకాశం గారిది. ఆదివారం చర్చిలో ఆమె ముందు వరసలో కూర్చుని అందరికంటే పెద్దగా పాడే మనిషి. మొదటి రింగుకే ఎత్తాడు.

"బాబాయ్ గారూ, దేవకుమారినండి. చినకొండపాడుకి కరెంటు పది నిమిషాలు తీసెయ్యండి!"

"ఏంటమ్మా? ఊరంతా పెళ్లి చూస్తోందమ్మా. ఇప్పుడు తీస్తే నన్ను తీసేస్తారు."

"పైన విమానం ఉందండి. ఆ పెళ్లి కెప్టెన్ చెవిలో మోగుతోంది. నా మాట ఆయనకి వినబడట్లేదు."

"పై ఆఫీసు నుంచి పర్మిషన్ లేకుండా ముట్టుకోకూడదు తల్లీ. ఎంతమంది ఉన్నారేంటి?"

"పదహారు."

"ఆయ్. పెట్టెయ్ ఫోను."

హెడ్‌ఫోన్లో పురోహితుడు గట్టిమేళం, గట్టిమేళం అన్నాడు. సన్నాయి, డోలు ఒక్కసారిగా లేచాయి. లేచిన చోటే టక్కున తెగిపోయాయి.

నిశ్శబ్దం. కడిగినంత శుభ్రంగా నిశ్శబ్దం. టవర్‌కి సొంత జనరేటర్ ఉంది కాబట్టి ఇక్కడ ఒక్క దీపం కూడా మిణకలేదు.

దేవకుమారి బటన్ నొక్కింది. గాలి తూర్పు నుంచి ఇరవై రెండు నాట్ల వేగం, రన్‌వే తడిగా ఉంది, పడమటి చివర నుంచి దిగండి అని ఇంగ్లీషులో ఒక్కో ముక్కా నిదానంగా చెప్పింది. కెప్టెన్ ఆ ముక్కలన్నీ తిరిగి అప్పజెప్పాడు. ఆరు నిమిషాలకి చక్రాలు నీళ్లు చిమ్ముకుంటూ నేలని తాకాయి. ఇంకా మూడో వంతు రన్‌వే మిగిలుండగానే విమానం నెమ్మదించి మలుపు తిరిగింది.

"గుడ్ రెడ్ లైట్, మేడమ్," అన్నాడు కెప్టెన్ రేడియోలో. "ఇంతకీ ఎవరి పెళ్లండీ?"

జగన్నాథరావు గారు పగలబడి నవ్వి, నవ్వుతూనే ఒక ఫారం తీసి ఆమె ముందు పెట్టాడు. "రేడియో పోయిన ప్రతిసారీ ఇది పంపాలమ్మా. ఎందుకు పోయింది, ఎలా వచ్చింది. రెండు గడులు. సంతకం నీది."

పెన్ను క్యాప్ తీసిందో లేదో ఫోన్ మోగింది. జ్ఞానప్రకాశం గారు.

"దిగిందా తల్లీ?"

"దిగిందండి. అందరూ నవ్వుతూ మెట్లు దిగుతున్నారు."

"దేవుడికి స్తోత్రం. ఇక్కడ సర్రిగ్గా తాళి కట్టే ముక్క దగ్గర పోయిందని ఊరు ఊరంతా వచ్చి గేటు పట్టుకుని ఊపేస్తోందిలే. దానికేం గాని, మా పై ఆఫీసరు ఏఈ గారు అడిగితే గాలికి తీగలు రాసుకుని కరెంటు దానంతటదే పోయిందని పుస్తకంలో రాసేశాను. నిజం రాస్తే పర్మిషన్ ఏదంటారు, నాకింకా రెండేళ్లు సర్వీసుంది. నువ్వేదైనా రాస్తే నా మాటకి అడ్డం రాకుండా రాయమ్మా. ఆయ్, ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. మొదటి గడి గబగబా నింపింది: కేబుల్ లైన్, అతుకులు, బూస్టర్, దొరబాబు పేరుతో సహా. అక్కడ సందేహం లేదు. ఆ అతుకులు మారకపోతే రేపటి విమానానికీ మేళం తప్పదు.

రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. ఎలా వచ్చింది? అడిగి కరెంటు తీయించానని రాస్తే పదహారు మందిని కాపాడినాయన రేపు ఉద్యోగం కోసం పై ఆఫీసు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. కరెంటు దానంతటదే పోయిందని రాస్తే, కేబుల్ వల్లే రేడియో పోయిందనడానికి చేతిలో రుజువు పోతుంది. అడిగి తీయించగానే మేళం ఆగడమే కదా ఆ రుజువు; దానంతటదే పోయిందంటే, మేళం ఆగింది వాన వల్లేనని దొరబాబు తప్పించుకుంటాడు!

కిటికీలోంచి చినకొండపాడులో దీపాలు మళ్లీ వెలగడం కనిపించింది. తిరుగు విమానానికి ఇంకా ముప్పావుగంట ఉంది. జగన్నాథరావు గారు సంతకం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు.

మీరే ఆ కుర్చీలో ఉంటే, ఆ రెండో గడిలో ఏం రాసేవారండీ?