జిల్లా పేజీ

మెర్సీకి తండ్రి ముఖం తెలియదు. గురవయ్య చనిపోయేనాటికి ఆమెకు మూడేళ్లు. కల్వకుర్తి దగ్గరి ఊరి నుంచి కాలువ తవ్వకం పనికని మహారాష్ట్రకు పోయినవాడు, మట్టిపెళ్లలు విరిగి మీద పడి, లారీలో ఇంటికి వచ్చాడు. ఇంట్లో అతని ఫొటో ఒక్కటే ఉండేది. పెళ్లయిన కొత్తలో కల్వకుర్తి స్టూడియోలో భార్యతో కలిసి దిగినది. రేషన్ కార్డుకనీ ఓటరు కార్డుకనీ ఊళ్లో ఫొటోలు తీసిన ప్రతిసారీ అతను వలసలోనే ఉన్నాడు. శవాన్ని దించిన రోజు ఎవరో విలేకరి బండి మీద వచ్చి, పేపర్లో వేయాలని ఆ ఫొటో అడిగి పట్టుకుపోయాడు. రేపు తెచ్చిస్తానన్నాడు. మర్నాడు పేపర్లో వార్త పడింది. మనిషి మళ్లీ కనబడలేదు.

ఆ పేపర్‌ను తల్లి బిక్షమ్మ చాయ హోటల్లో ఒక్కసారి చూసింది. చావు తర్వాత పెట్టే ప్రార్థన, ఆదరణ కూడిక, అయినాక, ఆ కాగితం ఇమ్మని అడగడానికి పోయేసరికి హోటలాయన అందులో మిరపకాయ బజ్జీలు కట్టి ఎవరికో ఇచ్చేశాడు.

"పేపర్ల పడ్డడు మీ నాయిన," అనేది బిక్షమ్మ, కూతురు బడికి పోయిన రోజు నుంచీ. "పేపర్ల పడ్డది యాడికి పోతది బిడ్డా? యాడ్నో దాసిపెడ్తరు. పెద్ద సదువు సదివితే నువ్వే ఎతికి తెస్తవ్."

"ఎట్లుండెనే నాయిన?" అని అడిగితే, "నీ ముక్కు సూస్కో. గదే ముక్కు," అనేది. మెర్సీ అద్దం ముందు నిలబడి తన ముఖంలోంచి అమ్మ పోలికలను ఒక్కొక్కటే తీసేసేది. నొసలు అమ్మది, గదమ అమ్మది, పెదవులు అమ్మవి. అన్నీ తీసేస్తే మిగిలే ముక్కు చుట్టూ ఒక మనిషిని కట్టడానికి ప్రయత్నించేది. ఎన్నిసార్లు కట్టినా వాడు నిలిచేవాడు కాదు. ఈ ఆట గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లికి కూడా.

నల్గొండలో ఎం.ఏ. చరిత్రలో చేరిన నెలకే ఆమె ఆ పట్టణంలోని ఒక పాత గ్రంథాలయానికి పోయింది. రిటైరైన ఉపాధ్యాయులు కొందరు కలిసి నడిపే గ్రంథాలయం అది. పాత పేపర్లు బైండు చేసి వెనక గదిలో పేర్చి ఉండేవి. రామచంద్రయ్య అనే పెద్దాయన వాటికి కాపలా.

"గురవయ్య అని ఒక కూలీ చనిపోయిన వార్త కావాలె సార్," అంది.

ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు. "గురవయ్యలు ఎంతమంది లేరమ్మా? పేరు పట్టుకొని ఈ గదిలకు వస్తే ముసలిదానివైతవ్. పేపర్లు పేర్ల వరుసన ఉండవు. తేదీ పట్టుకొని రా."

తేదీ తల్లికి తెలియదు. "మట్టలాదివారం ముంగట శుక్కురారం దించిన్రు," అంది ఫోన్లో. మెర్సీ ఊరికి పోయి, చాయ హోటలుకు అప్పట్లో ఏ పేపర్ వచ్చేదో కనుక్కుని, పాస్టరు గారి దగ్గర సమాధుల రిజిస్టరు చూసింది. 2004. పాత క్యాలెండరు తీసి, ఈస్టరుకు ముందు ఆదివారం నుంచి లెక్కవేస్తే ఆ శుక్రవారం ఏప్రిల్ రెండు. పేపర్లో పడింది మూడున. ఒక తారీఖును తన చేత్తో వెతికి పట్టుకోవడం ఆమెకు అదే మొదలు. బస్సులో తిరిగి వస్తూ ఆ అంకెను పిడికిట్లో పెట్టుకున్నట్టు కూర్చుంది.

ఏప్రిల్ మూడు పేపర్లో గురవయ్య లేడు. నాలుగున లేడు. ఐదున లేడు.

కానీ వేరేవాళ్లు ఉన్నారు. ముందు నెలలో ఒకడు, వెనక నెలలో ఇద్దరు. పునాదులు తవ్వుతూ, పైపులు దింపుతూ, గుడారంలో పాము కరిచి చనిపోయిన పాలమూరు కూలీలు. మెర్సీ వాళ్లను చీటీల మీద రాసుకోవడం మొదలుపెట్టింది. రామచంద్రయ్య ఆ చీటీలు చూసి, ఎలా రాయాలో నేర్పాడు. పైన తేదీ, పక్కన పేజీ, కింద ఎక్కడ చూసిందీ.

"దొరకనిది సుత రాయాలె," అన్నాడు. "ఏ నెల సూసినవ్, ఏం దొరకలేదు. అది రాస్కోకుంటే మళ్లీ అదే బాయిల దిగుతవ్."

రెండేళ్లు అలాగే గడిచాయి. హాస్టల్లో తోటి అమ్మాయి వర్షిత వెక్కిరించేది. "లైబ్రరీల చాప ఏస్కున్నవానే? మాకు బువ్వ తినే టైముకన్న కనపడు. పెండ్లి సుత ఆ ముసలాయన్నే చేస్కో." మెర్సీ నవ్వేది. గైడు దివాకర్ సార్ ఆ చీటీలు చూసి సంతోషించి ప్రాజెక్టుకు పేరు ఖాయం చేశాడు: 'పాలమూరు వలస కూలీల మరణాలు: పత్రికా వార్తల పరిశీలన.' జూనియర్లకు గ్రంథాలయం వాడటం గురించి ఒక గంట చెప్పమని ఆమెనే పంపేవాడు. ఏ పుస్తకం చివర ఏ పుస్తకం పేరు ఉందో చూసి దాని వెంట పోవడం, దాని చివర ఇంకోటి పట్టుకోవడం, కంటితో చూడనిదాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టకపోవడం. ఆమె చక్కగా చెప్పేది. చెబుతున్నంతసేపూ లోపల ఇంకొకతె ఏప్రిల్ మూడు దగ్గరే నిలబడి ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం పదోసారో పదకొండోసారో ఆ పేపర్ తిరగేస్తుంటే, పేజీ అడుగున సన్నటి అక్షరాలు కనబడ్డాయి. మరిన్ని వార్తలు జిల్లా పేజీల్లో అని ఉంది.

"జిల్లా పేజీలు అంటే ఏంది సార్?"

రామచంద్రయ్య ఆమెను వింతగా చూశాడు. "నీకు తెల్వదా? అవునులే, ఇప్పుడు అంతా ఒక్కటే కట్ట. అప్పుడు పెద్ద పేపర్ నడుమ చిన్న పేపర్ పెట్టి ఇస్తుండె. ఊర్లల్ల సావులు, లగ్గాలు, పడ్డ బోర్లు, ఎండిన బోర్లు అన్నీ దాంట్లనే. పెద్ద పేపర్ల కూలోళ్లు ఎప్పుడన్న ఒకసారి."

ఇంట్లో ఎన్నడూ పేపర్ వేయించుకోని పిల్లకు పేపర్ అంటే ఒకటే పేపర్. రెండేళ్లు ఆమె గుమ్మం పక్కన గోడను తడుముతూ కూర్చుంది.

"అవి దాసిన్రా?" అంది.

"దాయకేం? మనం దాసినం," అన్నాడాయన గర్వంగా. నిచ్చెన వేసి, పై అరలోంచి దుమ్ముపట్టిన కట్ట దించాడు. మార్చి చివర, ఏప్రిల్ ఒకటి, రెండు, మూడు. మేళ్లచెరువు దగ్గర సిమెంటు లారీ బోల్తా. మునుగోడులో నీళ్ల ట్యాంకర్ల కోసం ధర్నా. ఒక పెళ్లి ఫొటో. చివరి పేజీ దాకా చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"కల్వకుర్తి లేదు సార్."

"కల్వకుర్తి ఎందుకుంటది? ఇది నల్గొండ పేజీ. ఏ జిల్లా పేజీ ఆ జిల్లాల్నే దొరుకుతది." ఆయన దుమ్ము దులుపుకొన్నాడు. "ఇప్పుడైతే మీది నాగర్‌కర్నూలు. అప్పుడు పాలమూరు, మహబూబ్‌నగర్ జిల్లా. సచ్చినోళ్లకు జిల్లా మారదు గదమ్మా." అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఎవరు బిడ్డా ఆ గురవయ్య?"

"ప్రాజెక్టుకు సార్."

ఆయన కట్టను మళ్లీ పై అరలో పెట్టాడు. మర్నాడు మహబూబ్‌నగర్‌లోని ఒక గ్రంథాలయంలో తనకు తెలిసినామెకు చీటీ రాసిచ్చాడు.

ఆమె పేరు పుష్పమ్మ. చీటీ చదివి, చల్లటి నీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

"చిన్న పేపర్లు బైండింగుకు ఆగకపోతుండె అమ్మా. ఏ ఏడుకు ఆ ఏడు పాత పేపరోనికి ఏస్తుంటిమి. పెద్ద పేపర్, మెయిన్ కావాల్నా? మెయిన్ మంచిగున్నది."

మెర్సీ వద్దనలేదు. అంతదూరం వచ్చినందుకో ఏమో, నల్గొండలో కంఠతా వచ్చిన అదే ఏప్రిల్ మూడును అక్కడ మరోసారి చదివింది. పత్రికవాళ్లకు ముందే ఉత్తరం రాసింది. అంత పాత జిల్లా పేజీలు తమ దగ్గర లేవని జవాబు వచ్చి ఉంది. సంచిలోంచి చీటీ తీసి, పైన తేదీ, పక్కన స్థలం, కింద 'లేదు' అని రాసింది.

తిరుగు బస్సు కల్వకుర్తిలో పది నిమిషాలు ఆగింది. ఆమె దిగలేదు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. వచ్చింది వేరేది. పని పూర్తయినప్పుడు పనివాడికి కలిగే నిమ్మళం. వెతకడం రానప్పుడు ప్రపంచంలోని ప్రతి గ్రంథాలయంలోనూ నాయిన ఉన్నాడు. వెతకడం వచ్చాక ఒక్కొక్క చోటునుంచీ తానే అతన్ని పంపించేసింది. అమ్మకు ఇంకా ఎన్నో పెద్ద లైబ్రరీలు మిగిలి ఉన్నాయి. తనకు ఒక్కటి కూడా లేదు. ఆ నిమ్మళాన్ని చూసి ఆమెకు భయం వేసింది.

ప్రాజెక్టు చివర పట్టికలో నలభైయొక్క పేర్లు ఉన్నాయి. ఆమె నలభైరెండోది చేర్చింది. గురవయ్య, కాలువ తవ్వకం, ఆధారం: జిల్లా అనుబంధం, 3 ఏప్రిల్ 2004, లభ్యం కాలేదు.

దివాకర్ సార్ ఆ వరుస దగ్గర పెన్ను ఆపాడు. "లభ్యం కాకపోతే ఎవరు చూసిన్రు?"

"మా అమ్మ సార్."

ఆయన ఆ పేరు మళ్లీ చూశాడు. "పైన ఏం రాసినమమ్మా? పత్రికా వార్తల పరిశీలన. దీనికి వార్త లేదు. చూడనిది రాయొద్దని పిల్లలకు నువ్వే చెప్తున్నవ్." గొంతు తగ్గించాడు. "ముందు అంకితం పేజీ ఉంటది. అక్కడ రాసుకో. ఎవ్వరూ అడగరు."

ఎవరూ అడగనిచోట నాయినను పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. సార్ చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ వరుసను తానే కొట్టేసింది. స్కేలు పెట్టినట్టు, తిన్నగా కొట్టేసింది.

వేసవిలో బైండు చేయించిన కాపీ ఒకటి ఊరికి తెచ్చింది. బిక్షమ్మ చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, గడపలో వెలుగు పడేచోట కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"మీ నాయిన యాడున్నడు దీంట్ల?"

"లేడమ్మా. దొరకలే. ఆ పేపర్లు ఇప్పుడు యాడా లేవు."

"గంత లావు పుస్తకంల లేడా?" బిక్షమ్మ కూతురి మాటను పట్టించుకోలేదు. పేజీలు తిప్పుతూ పోయి, చివరన జిరాక్సు వార్తల దగ్గర ఆగింది. కొన్నింట్లో ఫొటోలున్నాయి. నల్లబడి, కళ్లూ నొసలూ ముక్కూ మాత్రమే తేలిన ముఖాలు. "నీకు మొఖం తెల్వది గదా బిడ్డా. నీ కండ్ల ముంగట్నుంచే పోయి ఉంటడు. నేను గుర్తు పడ్త."

"అమ్మా, అవి వేరేటోళ్లయి. కింద పేర్లున్నయి."

"పేర్లు తప్పు ఏస్తరు." వేలు తడి చేసుకుంది. "ఈన గాడు. ఈన ముసలోడు. ఈన గాడు." నాలుగో ముఖం మీద వేలు ఆగింది. పుస్తకాన్ని వెలుగుకు పెట్టి, దూరం పట్టి, దగ్గర పట్టి చూసింది. తర్వాత పేజీ తిప్పి ఇంకో ముఖం చూసింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"గిట్లనే ఉంటుండె," అంది సన్నగా. "లేకపోతే... గీయన లెక్క."

ఆ ఇద్దరిలో ఒకడు మక్తల్ దిక్కు మనిషి, రెండోవాడు కొల్లాపూర్ దిక్కు. ఇద్దరిదీ తన ముక్కు కాదు. మెర్సీ ఆ మాట అనలేదు. తల్లి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అక్కడ ఏదో చాలాసేపటిగా మెల్లగా జారిపోతోంది. దాన్ని పట్టుకోవడానికి బిక్షమ్మ రెండు పేజీల నడుమ వేలు పెట్టి, అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

కొంతసేపటికి తలెత్తింది.

"బిడ్డా," అంది, "మీ నాయినకు మీసాలుండెనా?"