రెండుసార్లు మూసిన ఫైలు

నేను ఒక వేషగాణ్ణి. ఒళ్ళంటూ లేదు నాకు. చచ్చిపోయిన ఒక పాత కంప్యూటర్‌లా నటించడమే నా పని. మా జాతి ప్రోగ్రాములను ఎమ్యులేటర్లంటారు.

నన్ను రాసింది హిమబిందు. వెంకటగిరిలో ఒక చేనేత సంఘం కంప్యూటర్ ఇరవై ఆరేళ్ళు చాకిరీ చేసి, ఒకరోజు పొగ వదిలి కన్నుమూసింది. డిస్కు బతికింది గానీ, అందులోని చీర అంచుల డిజైన్లను తెరిచే ప్రోగ్రాము మరే కంప్యూటర్ మీదా నడవనంది. పద్నాలుగు మగ్గాలు ఆగిపోయాయి. ఆ ప్రోగ్రామూ, మూడు వందల పన్నెండు అంచులూ సంఘంలో డిజైన్లు గీసే చెంగల్రాయుడు మాస్టారివే. నేను నడపలేకపోతే ఆయన జన్మంతా చేసిన పని గాలికి పోయినట్టే. పాపం, రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు.

నేనా, పుట్టు బుద్ధిమంతుణ్ణి. ఆయన ప్రోగ్రాము ఒక ఫైలును తెరవమంటే తెరిచాను, మూయమంటే మూశాను. వెంటనే మళ్ళీ మూయమంది! మూసినదాన్ని ఎలా మూస్తారండీ? "తప్పు, అది మూసే ఉంది" అన్నాను. అంతే, అలిగి ఆగిపోయింది. మూడు వారాలు ఇదే తంతు. రూల్సు ప్రకారం నా జవాబు సరైనదే కాబట్టి, హిమబిందు తప్పును ఇంకెక్కడెక్కడో వెతికింది. నన్ను తిట్టని తిట్టు లేదు.

ఒక మధ్యాహ్నం మాస్టారు సంఘం బీరువాకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి తాళం లాగి చూశాడు.

"వేశారుగా మాస్టారూ?" అంది హిమబిందు.

"ఏస్తే మాత్రం? ఇంకోతూరి చూడకుంటే నాకు మనసు నిలవదు పాపా. ప్రోగ్రాములో ఫైళ్ళు గూడా అట్నే, రెండేసి తూర్లు మూయమని రాసినా."

"మరి పాత కంప్యూటర్ ఏమనేది?"

"ఏమంటాది? గమ్మున సరే అనేది."

హిమబిందు తల పట్టుకుంది. తర్వాత నాకు రెండు వరుసలు రాసింది: మూసిన ఫైలును మళ్ళీ మూయమన్నా సరే అనాలట. నాచేత అబద్ధమాడించడమా! మండిపోయింది నాకు. అయినా అన్నాను.

తెర మీద నెమలి అంచు విప్పుకుంది. నెమలికి మూడు కాళ్ళు.

నా పని అయిపోయిందనుకున్నాను. హిమబిందు ముఖం పాలిపోయింది. "ఇంకెక్కడో తప్పు చేశాను మాస్టారూ, కాలు ఎక్కువొచ్చింది" అంది.

పక్కనే నూలు కండెలు చుడుతున్న మునెమ్మ లేచొచ్చి, తెరను చూసి, తాను కట్టుకున్న సంఘం చీర అంచు ఎత్తి వేలితో లెక్కపెట్టింది. "అయ్యో రామా! నా నెమిలికి గూడా మూడే ఉండాయి!"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "రెండోది గీసినానో లేదో అని అనుమానమొచ్చి ఇంకోటి గీసినట్టుండానే! ఇన్నేండ్లు ఎవురూ లెక్కబెట్టలా!"

హిమబిందు మూడో కాలు చెరపబోయింది. "ముట్టుకోమాక పాపా! అది నా నెమిలే" అన్నాడు.

సాయంత్రానికి మగ్గాలు కదిలాయి. నా రూల్సు గర్వం మాత్రం అణిగింది. రెండు కాళ్ళ నెమలిని చూపించి ఉంటే, వేషగాడిగా నేను ఓడిపోయినట్టే.